నలభై దాటాక సంతాన చికిత్స: అండం ఎవరిదో ముందు అడగండి

సంపాదకులకు,

రొట్టెల పండగ వస్తే నెల్లూరు స్వర్ణాల చెరువులో సంతానం రొట్టె కోసం ఎంతమంది దిగుతారో జిల్లా అంతటికీ తెలుసు. ఆ నమ్మకం జోలికి మేం పోం. మా పేచీ అంతా ‘ఏ వయసులోనైనా సంతానం గ్యారంటీ’ అనే ఫ్లెక్సీలతోనే. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన ఆమెకు కవలలు పుట్టిన వార్త చాలామందికి గుర్తుంది. ఆ అండాలు దాతవన్న సంగతే గుర్తులేదు. పైగా 2021 ఏఆర్‌టీ చట్టం (సంతాన చికిత్సల నియంత్రణ చట్టం) వచ్చాక ఆడవాళ్లకు 50, మగవాళ్లకు 55 దాటితే ఈ చికిత్స చేయకూడదు.

ఆడపిల్ల పుట్టేసరికే అండాలన్నీ ఉంటాయి, తర్వాత కొత్తవి రావు. 35 దాటాక సంఖ్య తగ్గడం ఒక ఎత్తు, ఉన్నవాటిలో క్రోమోజోముల లెక్క తప్పినవి పెరగడం ఇంకో ఎత్తు. నలభైలలో గర్భం నిలవకపోవడానికీ, నిలిచినా మూడో నెల లోపే పోవడానికీ చాలావరకు ఇదే కారణం. గర్భసంచికి వయసు అంత త్వరగా మీద పడదు. అందుకే దాత అండంతో 45లోనూ గర్భం నిలుస్తుంది. ఏఎంహెచ్ రక్తపరీక్ష అండాలు ఎన్ని ఉన్నాయో చెబుతుందే గానీ ఎలా ఉన్నాయో చెప్పదు. దానికి వయసే కొలత.

35 దాటినవాళ్లు ఆరు నెలలు చూసి, 40 దాటినవాళ్లు వెంటనే పరీక్షలకు రావాలి. మొదటి వారమే భర్తకు వీర్యపరీక్ష చేయించాలి, ముందు 2 నుంచి 7 రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉంటే చాలు. మన ఊళ్లలో ఇది ఆఖర్న జరుగుతుంది, అప్పటికి ఏడాది హరించుకుపోతుంది! నెలసరి తగ్గాక, అది మొదలైన పదో రోజులోపు ట్యూబుల (అండం గర్భసంచికి చేరే నాళాల) ఎక్స్‌రే తీయాలి. టీబీ వల్ల ట్యూబులు పూడుకుపోయిన కేసులు మన దగ్గర తక్కువేం కాదు. ట్యూబులో నీరు చేరి ఉంటే అది గర్భసంచిలోకి దిగి ఐవీఎఫ్‌నూ (అండాన్ని బయట ఫలదీకరించి, పిండాన్ని గర్భసంచిలో పెట్టే చికిత్సనూ) చెడగొడుతుంది, ముందు దాని సంగతి చూడాలి.

నలభై దాటాక ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి పంపడం) ఒక్కోసారికి నూటికి ఐదుగురికి అటూ ఇటూగా ఫలిస్తుంది. ఆరేసి సార్లు చేయడమంటే ఉన్న కాస్త సమయాన్నీ నీళ్లపాలు చేయడమే. ఐవీఎఫ్‌లో సొంత అండమైతే, బ్రిటన్ సంతాన చికిత్సల నియంత్రణ సంస్థ లెక్కల్లో ఒక పిండం పెడితే బిడ్డ చేతికొచ్చే అవకాశం 35 లోపు సుమారు మూడో వంతు, 40–42 మధ్య పదో వంతు, 43 దాటితే నూటికి ఐదు దగ్గర. దాత అండమైతే దాత వయసును బట్టి ఉంటుంది. చట్టం ప్రకారం దాతకు 23–35 ఏళ్లుండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు.

ఐవీఎఫ్‌కు అండాలను పెంచే ఇంజెక్షన్లు దాదాపు పది రోజులు. చాలావాటిని 2–8 డిగ్రీల్లో ఉంచాలి. మే ఎండలో ఉదయగిరి, కనిగిరి బస్సెక్కేవాళ్లు మందును నేరుగా ఐసు మీద పెడుతుంటారు, గడ్డకట్టినా మందు పనికిరాదు. గుడ్డ చుట్టి పెట్టండి. అండాలను పక్వానికి తెచ్చే ఆఖరి ట్రిగ్గర్ ఇంజెక్షన్ రాత్రి 10కి అంటే 10కే. ఆర్‌ఎంపీ వచ్చాక చూద్దామంటే కుదరదు. అది వేసిన 34–36 గంటలకు అండాలు తీస్తారు. ముందే వేస్తే తీసేలోపే జారిపోవచ్చు, ఆలస్యమైతే పక్వానికి రావు.

అండాశయానికి ‘యవ్వనం’ తెస్తామంటూ చేసే పీఆర్‌పీ (సొంత రక్తంలోంచి తీసిన ప్లేట్‌లెట్లు ఎక్కించడం), మూలకణాల చికిత్సలు ఇంకా ప్రయోగదశలోనే ఉన్నాయి. పిండానికి చేసే జన్యుపరీక్ష లోపమున్నదాన్ని ఏరిపెడుతుంది గానీ మంచిదాన్ని పుట్టించలేదు. మొదలుపెట్టేముందు బీపీ, షుగరు, థైరాయిడ్, గుండె పరీక్షలు తప్పనిసరి. ఈ వయసులో కవలలు తల్లికి భారం, ఒక్క పిండమే పెట్టమనండి.

ఆసుపత్రి గోడకున్న రిజిస్ట్రేషన్ పత్రం చూడండి. లెవెల్ 1 అని ఉంటే అక్కడ ఐయూఐ వరకే చేయాలి. డబ్బు కట్టేముందు అండం ఎవరిది, మందుల ఖర్చు అందులో కలిసిందా, మిగిలిన పిండాలను ఏం చేస్తారు అన్నవి కాగితం మీద రాయించుకోండి. జిల్లా వైద్యాధికారులు ఫ్లెక్సీల మీద రిజిస్ట్రేషన్ నంబరు, లెవెల్ తప్పక వేయించాలని కోరుతున్నాం.

– కొందరు స్త్రీ వైద్య నిపుణులు, ఎంబ్రియాలజిస్టులు, నెల్లూరు