మా సర్వర్లను సగంలో వదిలేసి మా ఫిర్యాదు టికెట్ ఎట్లా మూస్తారు?

కస్టమర్ సపోర్టు విభాగం అధిపతి గారికి,

అయ్యా,

వరంగల్‌లో ఎనుమాముల మార్కెట్ దగ్గర మాది కోల్డ్ స్టోరేజీ. ఏ రైతు ఎన్ని మిర్చి బస్తాలు పెట్టాడు, ఏ చాంబర్‌లో ఉన్నాయి, వాటి మీద ఎంత అప్పు తీసుకున్నాడు, ఈ లెక్కంతా మా ఆఫీసు సర్వర్‌లోని వర్చువల్ మెషీన్లలో (ఒకే సర్వర్ మీద విడివిడి కంప్యూటర్లలా నడిచేవి) ఉంది. వాటిని క్లౌడ్‌కు మార్చే పని మీకు అప్పగించాం. మధ్యలో పని ఆగిందని కాదు ఈ ఉత్తరం. ఆగాక మీ కంపెనీలో ఒక్క మనిషి కూడా మాకు జవాబు చెప్పలేదని.

2023 చివర్లో, ఈ మెషీన్లను నడిపే సాఫ్ట్‌వేర్ చేసే వీఎంవేర్ కంపెనీ బ్రాడ్‌కామ్ అనే కంపెనీ చేతికి వెళ్లి, శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయినప్పుడు మీ సేల్స్ అబ్బాయి హన్మకొండ నుంచి వెతుక్కుంటూ మా ఆఫీసుకు వచ్చాడు. మేం వాడుతున్న వీఎంవేర్ సాఫ్ట్‌వేర్ ఈఎస్ఎక్స్ఐ 7కు 2025 అక్టోబర్ 2తో సాధారణ సపోర్టు అయిపోతుందని, ఆ లోపే మారాలని తొందరపెట్టింది కూడా మీరే. సంతకం అయ్యేదాకా రాత్రి పదింటికి చేసినా ఫోన్ ఎత్తేవాడు. ఇప్పుడు ఆ నంబర్ మోగుతూనే ఉంటుంది.

డిస్కుల కాపీ వెళ్లింది, టెస్టు కూడా బాగానే నడిచింది. కటోవర్ (కొత్త మెషీన్లకు పూర్తిగా మారడం) చేసిన రాత్రి పాత మెషీన్లు ఆపారు, కొత్తవి లేచాయి. పొద్దున చూస్తే కాంటా దగ్గరి కంప్యూటర్ ఇంకా పాత ఐపీ అడ్రసునే (నెట్‌వర్క్‌లో పాత సర్వర్ చిరునామా) వెతుకుతోంది. ఏ బస్తాలు ఎవరివో చూపే లాట్ రిజిస్టర్ తెరుచుకోలేదు. మళ్లీ పాత సర్వర్ ఆన్ చేసుకుని పని నెట్టుకొస్తున్నాం.

అప్పటి నుంచి మొదలైంది మా పరేషాన్. సపోర్టుకు చేస్తే "ఇది మైగ్రేషన్ టీమ్ పని" అన్నారు. సర్వర్లు మార్చే ఆ టీమ్‌కు చేస్తే "కటోవర్ అయిపోయింది కదా సార్, ఇక నెట్‌వర్క్ వాళ్లను అడగండి" అన్నారు. నెట్‌వర్క్ వాళ్లు, మా ఆఫీసును క్లౌడ్‌కు కలిపే వీపీఎన్ తమ పరిధి కాదన్నారు. కొత్తగా ఫోన్ ఎత్తిన ప్రతివాళ్లూ మొదటి నుంచి చెప్పమంటారు. చెప్తాను. అంతా విని, స్క్రీన్‌షాట్ పంపమంటారు. పంపుతాను. మర్నాడు ఇంకొకరు అదే స్క్రీన్‌షాట్ అడుగుతారు. ఒకమ్మాయి మాత్రం నిజంగా మనసు పెట్టి విన్నది, లాగ్ ఫైళ్లు కూడా చూసింది. రెండోసారి ఆమె కోసం అడిగితే వేరే ప్రాజెక్టుకు మారిందన్నారు.

ఆఖరికి ఏం చేశారు? "కస్టమర్ నుంచి స్పందన లేదు, సమస్య పరిష్కారమైంది" అని రాసి టికెట్ మూసేశారు. స్పందన లేదట! మేం పంపిన మెయిళ్లన్నీ అదే టికెట్ కింద ఉన్నాయి. మూసే ముందు ఒక్కరైనా వాటిని చదివారా? మీ బిల్లింగ్ వాళ్లు మాత్రం మమ్మల్ని మరిచిపోలేదు. మేం వాడని ఆ కొత్త మెషీన్లకు, వాటి డిస్కులకు, డేటా కాపీ చేయడానికి పెట్టి ఇంకా ఆపని రిప్లికేషన్ సర్వర్‌కు బిల్లు టైముకు వచ్చింది.

మొన్న పరకాల వైపు నుంచి ఒక రైతు, తన బిడ్డ పెళ్లి ఖర్చుకని, బస్తాలు అమ్ముకోవడానికి వచ్చాడు. మా పాత సర్వర్ ఆ పూటే మొరాయించింది. కాగితం రసీదుల కట్టలు తిరగేసి ఆయన లాట్ దొరికేసరికి మార్కెట్‌లో వేలం అయిపోయింది. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు. నాకే తల ఎత్తబుద్ధి కాలేదు.

మేం నిన్నమొన్నటి కస్టమర్లం కాదు. మీరు చిన్న ఆఫీసులో ఉన్నప్పటి నుంచి మా మెయిళ్లు, బ్యాకప్‌లు మీ దగ్గరే. నర్సంపేటలో నాకు తెలిసిన రైస్ మిల్లు వాళ్లను మీకు పరిచయం చేసింది నేనే. ఇప్పుడు వాళ్లు ఎట్లా ఉందని అడిగితే ఏం చెప్పను?

టికెట్ తిరిగి తెరవండి. మొదటి నుంచి చివరిదాకా చూసే ఒక ఇంజనీర్ పేరు, నేరుగా ఆయన ఫోన్ నంబర్ ఇవ్వండి. కాంటా కంప్యూటర్ కొత్త సర్వర్‌తో మాట్లాడేదాకా బిల్లు ఆపండి, కట్టించుకున్నది వెనక్కి ఇవ్వండి. వచ్చే సోమవారం లోపు మనిషి ఫోన్ చేయకపోతే మా లాయర్ గారి నుంచి నోటీసు వస్తుంది. మీ వాళ్లు రాసిన మెయిళ్లన్నీ ప్రింట్ తీసి ఇక్కడి కోల్డ్ స్టోరేజీల వాళ్లందరి ముందూ పెడతాను. ఈ సీజన్‌లో మారదామనుకుంటున్న వాళ్లు వాళ్లలో చాలామందే ఉన్నారు.

ఇట్లు,
కోల్డ్ స్టోరేజీ యజమాని,
ఎనుమాముల, వరంగల్