షాపులో ఏ గేమ్ ఉంటుంది, ఏది ఉండదు, రేటు ఎందుకు పెరిగింది

కాకినాడలో మా గేమింగ్ షాపుకి వచ్చే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి, వాళ్ళని దింపి వెళ్ళే అమ్మానాన్నలకి నమస్కారం.

ముందు రేటు సంగతి. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి పీఎస్ 5 మీద ఇద్దరు ఆడితే గంటకి 140 రూపాయలు. ఇప్పటిదాకా 120 తీసుకున్నాను. పీసీ గంట 50 రూపాయలే, అందులో మార్పు లేదు. ముందే డబ్బు కట్టి గంటలు మిగిలినవాళ్ళకి అవి అయిపోయేదాకా పాత రేటే. పెంచడం నాకూ ఇష్టం లేదు, కానీ ఎందుకు పెంచానో మీకు తెలియాలి. దానితో పాటు మన షాపులో నడుస్తున్న గేమ్‌ల గురించి నేను నిజంగా ఏమనుకుంటున్నానో కూడా రాస్తున్నాను. "అన్నా, ఏది బాగుంటుంది?" అని రోజుకి పదిమంది అడుగుతారు. కౌంటర్ దగ్గర హడావుడిలో ఒక్క ముక్కలో చెప్పి పంపేస్తుంటాను. ఈసారి తీరిగ్గా చెప్తాను.

షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా ఏదో ఒక టీవీ మీద ఎఫ్‌సీ 26 అనే ఫుట్‌బాల్ గేమ్ నడుస్తూనే ఉంటుంది. ఫిఫా అనే పేరు 2023లోనే పోయింది, అయినా అందరూ "ఫిఫా పెట్టన్నా" అనే అడుగుతారు, నేనూ అదే అంటాను. మన కంట్రోలర్లు ఎక్కువగా పాడయ్యేది ఈ ఆటలోనే. పరుగెత్తడానికి కంట్రోలర్ మీద ఆర్2 అనే బటన్ నొక్కాలి కదా, మ్యాచ్ మొదలైన దగ్గర్నుంచి చివరి విజిల్ దాకా దాన్ని వదలరు. దాని వెనక సన్నటి స్ప్రింగ్ ఒకటి ఉంటుంది. అది విరిగితే బటన్ లోపలికి పడిపోయి అలాగే ఉండిపోతుంది. ప్లేయర్‌ని నడిపే ఎడమ స్టిక్‌ది ఇంకో బాధ. దాని కింద పలచటి కార్బన్ పొర మీద చిన్న రేకు రాసుకుంటూ తిరుగుతుంది. ఆ పొర అరిగితే మీరు వేలు తీసేసినా ప్లేయర్ తనంతట తానే పక్కకి నడిచిపోతుంటాడు. స్టిక్ మార్చాలంటే 14 చోట్ల సోల్డరింగ్ విప్పి మళ్ళీ పెట్టాలి. గత నాలుగు నెలల్లో అలా ఏడు కంట్రోలర్లు విప్పాను, రెండు ఇక పనికిరాకుండా పోయాయి. ఇప్పుడు రాపిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే స్టిక్‌లు తెప్పించి వేస్తున్నాను. రెండు కంట్రోలర్లకి వేశాను, మిగతావాటికి ఈ నెలాఖరుకి అయిపోతుంది. పెంచిన 20 రూపాయలు పోయేది అక్కడికే.

కంట్రోలర్ మాట పక్కన పెడితే, ఆట కోసమైనా ఆర్2 వదలడం నేర్చుకోండి. పరుగులో ఉన్నప్పుడు బంతి కాలికి దూరంగా వెళ్తుంది, డిఫెండర్ ఊరికే కాలు పెట్టి లాక్కుపోతాడు. మన దగ్గర బాగా ఆడే పాలిటెక్నిక్ కుర్రాడు ఒకడున్నాడు. వాడి వేలు గమనించండి. బంతి అందుకునే ముందు ఆర్2 వదిలేస్తాడు, ఖాళీ కనిపించాకే నొక్కుతాడు.

ఇంట్లో ఎఫ్‌సీ 25 ఉన్నవాళ్ళు 26 కొనాలా అని అడుగుతున్నారు. నా అభిప్రాయం, అక్కర్లేదు. విర్ట్జ్ లాంటి ప్లేయర్ తన కొత్త క్లబ్ లివర్‌పూల్ జెర్సీలో కనిపించాలన్న పట్టుదల ఉంటే తప్ప పాతదానితోనే హాయిగా ఆడుకోవచ్చు. షాపుకి మాత్రం కొత్తది తెచ్చి తీరాలి, లేకపోతే మీరు ఊరుకోరు.

ఈ ఆటలోనే నేను చేసిన ఒక తప్పు చెప్పాలి. సొంత జట్టు కూర్చుకుని ఆడే అల్టిమేట్ టీమ్‌లో ప్యాక్‌లు ఉంటాయి. లోపల ఏ ప్లేయర్ ఉన్నాడో తెలియకుండా డబ్బు పెట్టి విప్పే కవర్లు అవి. ఇలా డబ్బు పెట్టి కొనేవి జూదం కిందకే వస్తాయని బెల్జియం అధికారులు 2018లో తేల్చారు, ప్యాక్‌లు కొనడానికి వాడే ఫిఫా పాయింట్ల అమ్మకం 2019 జనవరి ఆఖరుకి ఆ దేశంలో ఆగిపోయింది. ఇదంతా తెలిసి కూడా, పోయిన ఏడాది ఇద్దరు పిల్లలు క్యాష్ ఇచ్చి "నీ కార్డుతో పాయింట్లు కొనిపెట్టన్నా" అంటే కొనిపెట్టాను. అందులో ఒకడు పదో తరగతి. 1,500 రూపాయలు పావుగంటలో అయిపోయాయి. చివరి ప్యాక్ విప్పాక వాడు కాసేపు టీవీ వైపే చూస్తూ కూర్చుని, కంట్రోలర్ బల్ల మీద పెట్టి, "ఇంకో ఐదొందలు తెస్తాను, షాపు ఎన్నింటిదాకా ఉంటుంది?" అని అడిగాడు. ఆ ఐదొందలు ఎక్కణ్ణుంచి తెస్తాడో అడగడానికి కూడా నాకు నోరు రాలేదు. మర్నాడు వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేసి జరిగింది చెప్పి, డబ్బు వెనక్కి ఇచ్చాను. అప్పటినుంచి షాపు అకౌంట్లలో కార్డు వివరాలేమీ లేవు. ఎవరు అడిగినా పాయింట్లు కొనిపెట్టను.

పందెం మ్యాచ్‌లూ బంద్. ఓడినవాడు గంట డబ్బు కట్టడం అనేది సరదాగా మొదలైంది, నేనూ పట్టించుకోలేదు. అది మెల్లగా 200కి, 500కి పోయింది. గెలిచినవాడు నవ్వుతున్నా ఓడినవాడి ముఖం చూస్తే తెలిసిపోతోంది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే గేమ్‌లని 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేసి మరీ నిషేధించింది. అది ఆన్‌లైన్ సంగతి కదా అని ఒకరిద్దరు వాదించారు. సోఫా మీద పక్కపక్కన కూర్చుని ఆడినా పోయేది మీ జేబులో డబ్బే. షాపులో పందెం కనిపిస్తే ఆ రోజుకి ఆట ఆపేస్తాను, ఎంత పాత కస్టమర్ అయినా సరే.

పీసీల వైపు వాలరెంట్‌దే హవా, ఐదుగురు జట్టుగా ఆడే షూటింగ్ గేమ్ అది. 2020లో వచ్చింది, ఫ్రీ గేమ్, ముంబైలో సర్వర్ ఉంది, మన దగ్గర పింగ్ బాగానే వస్తుంది, అంటే ఆట ఆలస్యం లేకుండా నడుస్తుంది. ఐదుగురు స్నేహితులు వరసగా కూర్చుని "బీలో ఇద్దరున్నారు, ఆగు ఆగు, నేనొచ్చాక దిగు" అని అరుచుకుంటూ ఆడుతుంటే ఈ ఆటని మించింది లేదనిపిస్తుంది. అదే మనిషి రాత్రి తొమ్మిదింటికి ఒక్కడే కూర్చుని ర్యాంక్ కోసం ఆడుతుంటే వేరే ఆటలా ఉంటుంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, దవడ బిగబట్టి, మధ్యలో మంచినీళ్ళు కూడా తాగడు. అలాంటివాళ్ళకి నా సలహా, వరసగా రెండు మ్యాచ్‌లు పోతే లేచి బయటికి రండి. మిగిలిన టైమ్ రాసి పెడతాను, ఇంకోరోజు ఆడుకోవచ్చు.

13 రౌండ్లు గెలిచేదాకా మ్యాచ్ నడుస్తుంది కాబట్టి 40 నిమిషాలు సులువుగా పడుతుంది. గంట అయిపోవడానికి పది నిమిషాల ముందు ర్యాంక్ మ్యాచ్ మొదలుపెడితే తర్వాత బుక్ చేసుకున్నవాళ్ళు నిలబడి చూడాల్సి వస్తోంది. మధ్యలో లేపితే మీకు పెనాల్టీ పడుతుందని నాకు తెలుసు. అందుకే చివర్లో స్విఫ్ట్‌ప్లే ఆడండి. అందులో ఐదు రౌండ్లు గెలిస్తే చాలు, పావుగంటలో అయిపోతుంది.

3వ నంబర్ పీసీ మీద వాలరెంట్ ఎందుకు రావట్లేదని అడుగుతున్నవాళ్ళకి జవాబు ఇదీ. ఎవరో దాని మీద చీట్ సాఫ్ట్‌వేర్ వేసి ఆడారు. గేమ్‌తో పాటు నడిచే వాన్‌గార్డ్ అనే కాపలా ప్రోగ్రామ్ పట్టేసుకుంది. అలా పట్టుకున్నప్పుడు ఆడినవాడి అకౌంట్‌తో వదలకుండా మెషీన్‌ని కూడా గుర్తుపెట్టుకుని బ్యాన్ చేయగలదు. ఇప్పుడు ఆ సీట్లో ఎవరు ఏ అకౌంట్‌తో కూర్చున్నా లోపలికి రానివ్వట్లేదు. ఎవరు చేశారో వెతికి గొడవ పెట్టే ఉద్దేశం నాకు లేదు. ఏది పడితే అది ఇన్‌స్టాల్ అయ్యేలా పీసీలు వదిలేసింది నేను. ఇప్పుడు అన్నిటికీ లాక్ పెట్టాను. ఏదైనా కొత్తది కావాలంటే నన్ను అడగండి. ప్రస్తుతానికి ఆ పీసీని కౌంటర్ స్ట్రైక్ 2 అనే ఇంకో షూటింగ్ గేమ్‌కి, పాత క్రికెట్‌కి ఇచ్చేశాను.

పాత క్రికెట్ అంటే ఈఏ క్రికెట్ 07. 2006 నవంబర్‌లో వచ్చిన గేమ్, ఆ కంపెనీ క్రికెట్ గేమ్‌లలో అదే ఆఖరిది. అభిమానులు జట్లు, జెర్సీలు ఎప్పటికప్పుడు మార్చుకుంటూ ఇప్పటికీ బతికించుకుంటున్నారు. ఐపీఎల్ వస్తే చాలు, దాని కోసం క్యూ కడతారు. కామెంటేటర్ రిచీ బెనో గొంతు వినపడగానే ముప్పై దాటినవాళ్ళు అటు తిరిగి చూస్తారు. కవర్ డ్రైవ్ ఒక్కటే పట్టుకుని ఇన్నింగ్స్ అంతా లాగేయొచ్చన్నది దాని లోపం, నిజమే. అయినా దాన్ని తీసే ప్రసక్తి లేదు.

ఇక జీటీఏ 5, నేరాల చుట్టూ తిరిగే గేమ్. దీని గురించి తల్లిదండ్రులు కాస్త శ్రద్ధగా చదవండి. 2013లో వచ్చిన ఈ ఆటంటే నాకు గౌరవం. లాస్ ఏంజిలెస్‌ని చూసి కట్టిన ఊరు అది. సాయంత్రం కొండ మీద కారు ఆపి కింద లైట్లు చూస్తే ఇంకా కొత్తగానే ఉంటుంది. కానీ అది పెద్దవాళ్ళ కోసం తీసింది. యూరప్‌లో 18 ఏళ్ళు, అమెరికాలో 17 ఏళ్ళు అని కవర్ మీదే ఉంటుంది. ఒక మిషన్‌లో మనిషిని కుర్చీకి కట్టి చిత్రహింస పెట్టే సీన్ ఆడేవాడి చేతే చేయిస్తారు. ఏడో తరగతి పిల్లలు మిషన్లు ఆడరు, చీట్ కోడ్ కొట్టి కారు నడుపుకుంటారు, ఏం పోయిందిలే అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకున్నాను. మొన్న వేసవిలో ఒకమ్మ బాబుని తీసుకెళ్ళడానికి వచ్చి, స్క్రీన్ చూసి, నన్నేమీ అనకుండా వాడి చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ రాలేదు. ఆవిడ కోపం న్యాయమైనదే. ఇకమీదట స్కూలు పిల్లలకి జీటీఏ పెట్టను. కారు తోలాలన్న సరదా అయితే ఫోర్జా హొరైజన్ 5 పెడతాను. అందులో ఎంత వేగంగా పోయినా ఎవరినీ గుద్ది చంపడం ఉండదు.

జీటీఏ 6 ఎప్పుడు అని రోజూ అడుగుతున్నారు. మొదట 2025 అన్నారు, తర్వాత 2026 మే 26 అన్నారు, ఆ తర్వాత 2026 నవంబర్ 19కి మార్చారు. పీఎస్ 5కి, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ లకి ప్రకటించారు, పీసీకి తేదీ చెప్పలేదు. డిస్క్ నా చేతికి వచ్చేదాకా ఎవరి దగ్గరా అడ్వాన్స్ తీసుకోను. మొబైల్‌లో జీటీఏ 6 అని లింకులు తిరుగుతున్నాయి, అవన్నీ మోసం. దయచేసి మీ ఫోన్‌లో వేయకండి.

టెక్కెన్ 8 అనే ఫైటింగ్ గేమ్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఇద్దరు కూర్చుంటే మొదటి పది నిమిషాల్లోనే నవ్వులు మొదలవుతాయి. చిన్నప్పుడు టెక్కెన్ 3లో ఎడ్డీ అనే ఫైటర్‌ని తీసుకుని రెండు కిక్ బటన్లూ ఎడాపెడా నొక్కి గెలిచినవాళ్ళు ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నారు, ఆదివారం వచ్చి మళ్ళీ అదే పని చేస్తారు. కొత్తవాళ్ళు ఎల్1 నొక్కి స్పెషల్ స్టైల్ పెట్టుకుంటే ఒక్కో బటన్‌కే మంచి దెబ్బలు పడతాయి.

బ్లాక్ మిత్ వుకాంగ్‌ని పిల్లలు "హనుమంతుడి గేమ్" అంటారు. అది చైనా కథలోని వానర రాజు సన్ వుకాంగ్ ఆధారంగా తీసింది. బొమ్మలు అద్భుతం, శ్రమ అద్భుతం. అయితే నా వ్యాపారానికి నష్టమైనా ఒక మాట చెప్తాను. ఇది గంట లెక్కన ఆడే ఆట కాదు. మొదట్లోనే పెద్ద తల ఉన్న దెయ్యం ఒకటి ఎదురొస్తుంది, దానితో తలపడి గంటంతా ఓడిపోయి డబ్బు కట్టి వెళ్ళినవాళ్ళున్నారు. దాన్ని కొట్టి తీరాలని లేదు, తప్పించుకుని ముందుకెళ్ళి బలం పెరిగాక వెనక్కి రావచ్చు. వీలైతే ఇంట్లో సొంతంగా కొనుక్కుని నెమ్మదిగా ఆడండి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనదాన్ని జనం తక్కువ అడుగుతారు. ఇట్ టేక్స్ టూ. 2021లో వచ్చింది, ఒక్కరే ఆడటం కుదరదు. విడిపోదామనుకున్న భార్యాభర్తలు చిన్న బొమ్మలైపోతారు, వాళ్ళిద్దరూ కలిస్తేనే ఏ తలుపైనా తెరుచుకుంటుంది. రెండు నెలల కింద ఒకాయన కొడుకుని తీసుకెళ్ళడానికి వచ్చారు. బాబుతో ఆడాల్సిన స్నేహితుడు రాలేదు, ఇంకా అరగంట ఉంది. "మీరు కూర్చోండి" అని కంట్రోలర్ ఆయన చేతిలో పెట్టాను. షెడ్డు దగ్గర ఒకరు గోడకి మేకు విసరాలి, ఇంకొకరు సుత్తి తగిలించి ఊగుతూ దాటాలి. మేకు ఈయనది, సుత్తి బాబుది. ఈయన తొందరపడి మేకు వెనక్కి లాగేసేవారు, బాబు కింద పడిపోయేవాడు. "నాన్నా, నేను దాటేదాకా తియ్యకు. ఇప్పుడు వెయ్యి. ఆ, ఇప్పుడు" అని వాడు నేర్పుతుంటే ఆయన బుద్ధిగా వింటున్నారు. అప్పటినుంచి నాలుగు ఆదివారాలు ఇద్దరూ కలిసే వచ్చారు. పిల్లలతో ఆడేవాళ్ళకి ఒక జాగ్రత్త, ఇందులో ఏనుగు బొమ్మ సీన్ ఒకటి ఉంది. చిన్నపిల్లలు ఏడుస్తారు, అది రాకముందే నన్ను పిలవండి.

అందుకే ఆదివారం ఉదయం 10 నుంచి 1 దాకా కిటికీ పక్క టీవీని ఇలాంటి ఆటలకే ఉంచుతున్నాను. ఇట్ టేక్స్ టూ, అదే స్టూడియో 2025లో తెచ్చిన స్ప్లిట్ ఫిక్షన్ రెండూ ఉంటాయి. అమ్మానాన్నల్లో ఎవరైనా పిల్లలతో కలిసి ఆడితే మొదటి గంటకి పాత రేటే, 120. మీ సేవ్ మీ పేరు మీద విడిగా ఉంచుతాను, వచ్చే వారం అక్కణ్ణుంచే మొదలుపెట్టొచ్చు. ఆ తండ్రీకొడుకులు గోడ గడియారం లోపలికి వెళ్ళి ఆగారు. ఈ ఆదివారం 10 నుంచి 11 వాళ్ళది, 11 తర్వాత ఖాళీగా ఉంది.