మాల్వన్ రాళ్ల మీద మోకాళ్లు ఆనించకండి

సంపాదకులకు నమస్కారం.

గోవా వెళ్లేవాళ్లు ఒక పూట మహారాష్ట్ర తీరంలోని మాల్వన్ కూడా చుట్టి రావచ్చనీ, అక్కడ ఈత రానివాళ్లు సైతం స్కూబా డైవింగ్ చేయొచ్చనీ, లోతు అయిదారు మీటర్లే కాబట్టి భయమేం లేదనీ ఇటీవల మీ పర్యాటక పేజీలో రాశారు. మొదటి రెండు మాటలతో మాకు పేచీ లేదు. మూడోది మాత్రం తలకిందులు. తొలిసారి నీళ్లలోకి దిగేవాళ్లకు వచ్చే ముప్పు చాలావరకు ఆ పై అయిదారు మీటర్లలోనే ఉంది. అడుగున రాళ్లను అంటిపెట్టుకుని బతికే ప్రాణులకు ముప్పు వచ్చేదీ అక్కడే.

ఆ వ్యాసంలో లేని సంగతి ఇంకొకటి. శివాజీ 1664లో కట్టించడం మొదలుపెట్టిన సింధుదుర్గ్ కోట చుట్టుపక్కల నీళ్లలోనే ఈ డైవింగ్ జరుగుతుంది. ఆ నీళ్లను 1987లో సముద్ర అభయారణ్యంగా ప్రకటించారు. మొత్తం విస్తీర్ణం 29.12 చదరపు కిలోమీటర్లు, అందులో కట్టుదిట్టమైన రక్షణ ఉన్న నడి భాగం 3.18. ఆ ప్రకటనను అక్కడి మత్స్యకారులు ఏళ్లతరబడి వ్యతిరేకించారు. తరతరాలుగా వేటాడుకున్న చోట వలకు హద్దులు గీసి, ఊరుకాని ఊరి నుంచి వచ్చినవాళ్లను అదే రాళ్ల మీద మోకరిల్లనిస్తే వాళ్లకు కడుపు మండదా? మనకూ ఈ తీరంతో కాస్త బంధుత్వం ఉంది. సముద్ర జీవవైవిధ్యాన్ని కాపాడటానికి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో కేంద్రం చేపట్టిన పథకంలో సింధుదుర్గ్ తీరాన్నీ, మన తూర్పు గోదావరి నదీముఖాన్నీ జంటగా ఎంచుకున్నారు.

మాల్వన్‌లో అండమాన్ లాంటి పగడపు తోటలు కనిపిస్తాయని వెళ్తే నిరాశే. ఇవి రాతి దిబ్బలు. రాయి మీద నాచు, సర్గాసం పాచి, స్పాంజిలు, మధ్యమధ్య పగడపు ముద్దలు, సందుల్లో చిన్న చేపలు. ముద్దగా పెరిగే పగడం ఏడాదికి సెంటీమీటరు అటూఇటూ పెరుగుతుంది. గట్టి సున్నపు గూడు మీద బతికున్న కండ పలచని పొర మాత్రమే. మోకాలు ఆనితే ఆ పొర గూడుకీ మోకాలికీ మధ్య నలిగిపోతుంది, నలిగినచోట పాచి పడుతుంది. పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి కాబట్టి ముక్క విరిచి జేబులో వేసుకోవడం నేరం కూడా.

ఇక లోతు సంగతి. సముద్రమట్టం దగ్గర మన మీద ఒక బార్ ఒత్తిడి ఉంటుంది. ప్రతి పది మీటర్లకూ ఇంకో బార్ చేరుతుంది. అంటే అయిదు మీటర్ల దగ్గర 1.5 బార్. అక్కడ రెగ్యులేటరు (సిలిండరు గాలిని నోటికి అందించే పరికరం) నుంచి నిండుగా అయిదు లీటర్ల గాలి పీల్చి, బిగబట్టి పైకి వస్తే, ఆ గాలి ఏడున్నర లీటర్లవుతుంది. ఊపిరితిత్తులు అంతగా సాగవు, చిట్లుతాయి. గాలి బుడగలు నెత్తురులో కలిసి మెదడుకు చేరవచ్చు. నీళ్లలోంచి వచ్చిన పది నిమిషాల్లోపే ఒకవైపు చెయ్యీ కాలూ చచ్చుబడటం, మాట తడబడటం, స్పృహ తప్పడం దాని గుర్తులు. ఒకటిన్నర మీటరు లోతు నుంచి కూడా ఇది జరగగలదు. ముప్పై మీటర్ల నుంచి ఇరవై అయిదుకు వస్తే గాలి పెరిగేది ఏడింట ఒక వంతే. అయిదు నుంచి పైకి వస్తే సగానికి సగం. అందుకే స్కూబాలో మొదట నేర్పే పాఠం ఊపిరి ఎన్నడూ బిగబట్టకూడదని. పడవ మీద నాలుగు సైగలు చూపించి దించేసేవాళ్లు ఈ ఒక్క మాటనే హడావుడిగా దాటేస్తారు.

కొత్తవాళ్లు ఊపిరి బిగబట్టి ఎందుకు పైకి ఎగబాకుతారు? చాలాసార్లు కారణం చాలా చిన్నది, మాస్క్‌లోకి నీళ్లు రావడం. ముక్కులోకి నీరు పోగానే దగ్గు, దగ్గుతోనే కంగారు. మాస్క్ పై అంచును నుదుటికి నొక్కి పట్టి ముక్కుతో గాలి ఊదితే నీళ్లు కింది అంచు నుంచి బయటికి పోతాయి. దీన్ని నడుము లోతు నీళ్లలో రెండు మూడుసార్లు చేసి చూపించాకే లోతుకు తీసుకెళ్లాలి. నోట్లోంచి రెగ్యులేటరు జారితే తిరిగి పెట్టుకుని, ముందు ఊది, ఆ తర్వాతే పీల్చాలి. మీసం దట్టంగా ఉన్నవాళ్లకు మాస్క్ ఎంత బిగించినా నీరు కారుతుంది. ముక్కు కింద ఓ వరస కత్తిరించుకుంటే చాలు, మీసం పోదు.

చెవుల సంగతీ అంతే. నొప్పి పుట్టేదాకా ఆగకూడదు. నీళ్లలోకి తల దిగీ దిగగానే ముక్కు మూసి మెల్లగా ఊదాలి, అక్కడి నుంచి ప్రతి అర మీటరుకూ ఊదుతూనే ఉండాలి. నొప్పి మొదలైతే ఓ మీటరు పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. గట్టిగా ఊదితే చెవి పొర చిరుగుతుంది. జలుబు ఉంటే ఆ రోజుకు మానుకోవడమే. జలుబు మాత్ర వేసుకుని దిగినవాళ్లకు నీళ్లలో ఉండగా మందు పని ఆగిపోతే పైకి వచ్చేటప్పుడు చెవిలోని గాలి బయటికి పోయే దారి ఉండదు. ఆ నొప్పితో కిందా ఉండలేరు, పైకీ రాలేరు. ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప దిగకూడదు. గర్భిణులు అసలు దిగకూడదు. పదేళ్లలోపు పిల్లల్ని సముద్రంలోకి తీసుకెళ్తామనేవాళ్ల దగ్గరికి పెద్దలు కూడా వెళ్లకపోవడం మంచిది.

మోకాళ్ల సంగతికి వస్తాం, అసలు గొడవ అక్కడే ఉంది. కొత్తమనిషి భయంతో గుండెల నిండా గాలి పట్టుకుంటాడు. మామూలుగా వదిలిన ఊపిరికీ నిండు ఊపిరికీ తేడా రెండు లీటర్లకు పైనే, అంటే నీళ్లలో రెండు కిలోల తేలిక. అతను తేలిపోకుండా నడుముకు రెండు మూడు సీసపు బిళ్లలు అదనంగా కడతారు. అదనపు బరువంతా నడుము దగ్గరుంటే కాళ్లు కిందికి వేలాడతాయి, మనిషి నిలువుగా అవుతాడు, కాళ్లకు తొడిగిన ఫిన్స్ రాళ్లను గీకుతాయి. కాస్త కుదుటపడి ఊపిరి వదలగానే రాయిలా కిందికి జారి రాయి మీదే కూర్చుంటాడు. ఫొటో తీసేవాడికి కూడా కావాల్సింది అదే, కదలకుండా ఉంటాడు కదా.

సిలిండరు కూడా ఇందులో ఒక చెయ్యి వేస్తుంది. మామూలుగా వాడే అల్యూమినియం సిలిండరు లోపలి కొలత 11 లీటర్లు. 200 బార్ నింపితే 2200 లీటర్ల గాలి, దాని బరువే రెండున్నర కిలోలు దాటుతుంది. గాలి వాడేకొద్దీ సిలిండరు తేలికై చివరికి పైకి లాగుతుంది. కొన్నిచోట్ల ఒకే సిలిండరుతో వరసగా ముగ్గురు నలుగురిని దించుతారు. ఆఖరి మనిషికి సరిపోయేంత సీసం మొదటి మనిషికే కట్టేస్తే మధ్యలో మార్చే పని తప్పుతుందని వాళ్ల లెక్క. ఇంకో లెక్క మీరే వేసుకోండి. కంగారుగా ఉన్న మనిషి నిమిషానికి 20 నుంచి 25 లీటర్లు పీలుస్తాడు. ఆరు మీటర్ల దగ్గర ఒత్తిడి 1.6 బార్ కాబట్టి అది 32 నుంచి 40 లీటర్లవుతుంది. పావుగంటకు సిలిండరులో 45 నుంచి 55 బార్ ఖర్చు. 50 బార్ ఎప్పుడూ మిగిల్చి ఉంచాలన్నది నియమం. ఆ ప్రకారం ఒక సిలిండరు ముగ్గురికే సరి. నాలుగో మనిషి దిగేటప్పటికి ఉన్నది ఆ మిగులే. మీ వంతు వచ్చినప్పుడు సిలిండరులో ఎంత గాలి ఉందో తెలిపే గేజి చూపించమని అడగండి. వంద బార్ కంటే తక్కువుంటే సిలిండరు మార్చమనండి. వెంట వచ్చే శిక్షకుడికి తన సొంత సిలిండరు, దానికి మీకు అందించగలిగే రెండో రెగ్యులేటరు ఉన్నాయో లేదో కూడా చూసుకోండి. ఒక్కో కొత్తమనిషికి ఒక్కో శిక్షకుడు ఉండాలి. అంతకు తగ్గితే దిగనక్కర్లేదు.

సరైన పద్ధతి కష్టమేం కాదు. తేలడానికి గాలి నింపుకునే జాకెట్టులో గాలి తీసేసి, మామూలుగా ఊపిరి తీసుకుని ఉన్నప్పుడు నీటిమట్టం కళ్ల దగ్గరుంటే బరువు సరిపోయినట్టు. సిలిండరు నిండుగా ఉండగా చూస్తే తేలికయ్యే వంతు కింద ఒకటిన్నర రెండు కిలోలు కలుపుకోవాలి. సీసాన్ని నడుము దగ్గరే కుక్కకుండా ఒకటి రెండు బిళ్లలు సిలిండరు పట్టీకి కడితే శరీరం అడ్డంగా పడుతుంది. రాళ్లకు మీటరు ఎత్తున ఉంటూ, ఫిన్స్ కప్పకాళ్లలా పక్కలకు ఆడించాలి. కిందికీ పైకీ కొడితే ఇసుక లేచి పగడాలను కప్పేస్తుంది. గేజి, రెండో రెగ్యులేటరు వేలాడుతుంటే రాళ్లకు తగులుకుంటాయి, జాకెట్టు కొక్కేలకు తగిలించాలి. అల కింద నీళ్లు ముందుకీ వెనక్కీ ఊగుతుంటాయి, తక్కువ లోతులో ఆ ఊపు మీటరుకు పైగా ఉండొచ్చు. వెనక్కి లాగినప్పుడు ఊరకుండి, ముందుకు తోసినప్పుడే కాలాడిస్తే సరి. ఊపుకు భయపడి రాయి పట్టుకుంటే చేతికి దొరికేది అంచులు పదునుగా ఉన్న గుల్లలో, లేకపోతే నల్ల ముళ్ల సీ అర్చినో. రాయిలాగే కనిపించే స్కార్పియన్ చేప ముల్లు దిగితే భరించగలిగినంత వేడినీళ్లలో, 45 డిగ్రీలు మించకుండా, గంటదాకా ఉంచాలి.

చేపలు చుట్టూ మూగిన ఫొటో కోసం కొందరు బ్రెడ్డు, బిస్కట్లు చల్లుతారు. చల్లిన చోట నల్ల చారల సార్జెంట్ మేజర్ చేపలే గుంపులు కట్టి మిగతావాటిని తరిమేస్తాయి. అవి పాచి మేయడం, పురుగుల్ని ఏరుకోవడం తగ్గిస్తాయి. నిజానికి బ్రెడ్డు వేయొద్దని డబ్బు కట్టే ముందే చెబితే ఎవరూ కాదనరు. అడిగేవాళ్లు లేకే వేస్తున్నారు.

మనుషుల మోకాళ్ల కంటే పెద్ద దెబ్బ లంగరుది. ఆరు మీటర్ల నీళ్లలో పడవ నిలబడాలంటే లోతుకు అయిదింతలు, అంటే 30 మీటర్ల తాడు వదలాలి. పోటు పాటుగా మారినప్పుడు, మధ్యాహ్నం గాలి తిరిగినప్పుడు పడవ కూడా తిరుగుతుంది. లంగరు గొలుసు ఆ మేరకు రాళ్లను ఊడ్చేస్తుంది. దీనికి విరుగుడు పడవ కట్టుకునే శాశ్వతమైన బోయా. ఇసుక ఉన్నచోట కాంక్రీటు దిమ్మ, రాయి ఉన్నచోట తొలిచి సిమెంటుతో బిగించిన ఉక్కు కొక్కెం, పైన తేలే బెండు. తాడు మధ్యలో కూడా ఒక చిన్న బెండు కట్టాలి. అది లేకపోతే పాటు వేళ వదులైన తాడు కిందపడి లంగరు పనే చేస్తుంది. కొంకణ్‌లో వర్షాకాలానికి ముందు పై బెండును విప్పేయాలి, లేకుంటే అలలు కొక్కేన్ని పెకలించేస్తాయి.

వెళ్లదలచినవాళ్లకు రెండు మూడు మాటలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నీళ్లు తేటగా ఉంటాయి, వానాకాలంలో అన్నీ మూసేస్తారు. పంచాంగం చూసుకోండి. అమావాస్య, పున్నమిలకు పోటుపాట్లు ఎక్కువై నీళ్లు కలక బారతాయి. అష్టమి దాటిన ఒకటి రెండు రోజులు, ఉదయం పూట, పోటు నిండి నిలిచిన వేళ మంచిది. మద్యం తాగి దిగొద్దు. డైవ్ తర్వాత 12 గంటలు, రెండు మూడుసార్లు దిగితే 18 గంటలు విమానం ఎక్కకూడదు. కారులో హైదరాబాద్ తిరిగి వచ్చేవాళ్లు మరిచేది అంబోలి ఘాట్ కొండదారి. ఎత్తుకు వెళ్తే విమానంలో లాగే గాలి ఒత్తిడి తగ్గుతుంది. అది దాదాపు 700 మీటర్ల ఎత్తు, పైగా మాల్వన్ నుంచి రెండు మూడు గంటల దారే. పావుగంట, అయిదు మీటర్లయితే ముప్పు స్వల్పమే అయినా ఆ రాత్రి కింద పడుకుని పొద్దున్నే బయల్దేరడానికి వచ్చిన ఇబ్బందేం ఉంది? పడవలో అత్యవసరానికి ఆక్సిజన్ సిలిండరు ఉందేమో కూడా అడగండి. లేదంటే వేరే పడవ చూసుకోండి.

రుషికొండ, భీమిలి రాళ్ల దగ్గరా స్కూబా పెరుగుతోంది. అక్కడ అభయారణ్యం హోదా లేదు, కాబట్టి అడ్డుకునే చట్టమూ తక్కువే. ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ కొత్త పడవలకు అనుమతులిచ్చే ముందే ప్రతి డైవింగ్ చోటా బోయాలు వేయించాలి. ఏ బోయాకు ఎన్ని పడవలో, కొక్కేన్నీ తాడునూ ఆరు నెలలకోసారి దిగి చూడాల్సింది ఎవరో అనుమతి పత్రంలోనే రాయాలి. మీ పర్యాటక పేజీ ఈసారి రుషికొండ గురించి రాసేటప్పుడు టికెట్టు ధరతోపాటు ఆ వివరం కూడా అడిగి ప్రచురించమని మనవి.

ఇట్లు,
డైవింగ్ నేర్పే కొందరు శిక్షకులు,
విశాఖపట్నం