ఆల్బమ్‌లు ఎందుకు లేటయ్యాయి, గోడ మీది ఆ నల్ల ఫొటో కథేంటి

మాఘమాసం, ఫాల్గుణం ముహూర్తాల్లో మన స్టూడియోతో పెళ్లి ఫొటోలు తీయించుకున్నవాళ్లలో తొమ్మిది కుటుంబాలకు ఇంకా ఆల్బమ్ అందలేదు. ఫోన్ ఎత్తడం లేదని కొందరు కోపంగా ఉన్నారు, ఆ కోపం న్యాయమే, ఏం చెప్పాలో తెలియక రెండు వారాలు కొన్ని ఫోన్లు కావాలనే ఎత్తలేదు. "రేపు వస్తది అన్నా, బండెక్కింది" అని అబద్ధం చెప్పడం ఈ పనిలో మామూలే, హన్మకొండలో స్టూడియో పెట్టి పద్నాలుగేళ్లయింది, నేనూ ఎన్నోసార్లు చెప్పాను. ఈసారి చెప్పబుద్ధి కాలేదు.

జరిగిందేమిటంటే, ఆల్బమ్‌లు ప్రింటింగ్‌కి హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కి పంపాను, టైమ్‌కే తిరిగొచ్చాయి. అట్టపెట్టె విప్పి మొదటి ఆల్బమ్ తెరిస్తే, తెల్లవారుజామున దీపాల వెలుగులో తీసిన ఫొటోలన్నీ పట్టపగలు తీసినట్టున్నాయి. ల్యాబ్‌లో ఆటో కరెక్షన్ ఆన్‌లో పెట్టి వదిలేశారు. ఆ సాఫ్ట్‌వేర్‌కి చీకటి కనిపిస్తే చాలు, ఫొటో పాడైందనుకుని వెలుతురు పెంచేస్తుంది. నల్లగా ఉండాల్సిన చోటంతా బూడిద రంగు, ఆ బూడిదలో ఇసుక చల్లినట్టు చుక్కలు. కరెక్షన్ వద్దని ఆర్డర్‌లో రాసే పంపాను, ఎవరూ చూడలేదు. తొమ్మిది సెట్లూ వెనక్కి పంపేశాను. మళ్లీ వేయడానికి అయ్యే ఖర్చులో సగం వాళ్లు పెట్టుకుంటామన్నారు, సగం నా మీద పడింది.

"ఇచ్చేద్దామన్నా, వాళ్లకేం తెలుస్తది" అన్నారు మా షాపు పిల్లలు. వాళ్లన్నది తప్పేం కాదు, తొమ్మిది ఇళ్లలో ఏడిళ్లవాళ్లు ఆ తేడా పట్టుకునేవాళ్లు కాదు. ఏడేళ్ల కిందటైతే నేనే ఇచ్చేసేవాణ్ని. ఇప్పుడెందుకు ఇవ్వలేకపోయానో చెప్పాలంటే కౌంటర్ వెనక గోడకున్న ఫొటో గురించి చెప్పాలి. పాస్‌పోర్ట్ ఫొటోకి వచ్చినవాళ్లు కూడా దాన్ని చూసి "గిదేందన్నా, కరెంట్ పోయినప్పుడు తీసినవా?" అని అడిగే ఉంటారు.

పరకాల దగ్గర ఒక ఊళ్లో పెళ్లి. పాత పెంకుటిల్లు, మధ్యాహ్నం పన్నెండు దాటింది. పెళ్లికూతురిని చేస్తున్నారు. నేను అప్పటికి ఫ్లాష్ లేకుండా గడప దాటేవాణ్ని కాదు. ఎక్కడికెళ్లినా ఫ్లాష్ పేల్చడం, అందరి మొహాలూ తెల్లగా, చదునుగా రావడం, కస్టమర్ "మంచిగచ్చింది" అనడం, అంతే నాకు తెలిసిన ఫొటోగ్రఫీ. వెనక గదిలోకి ఎందుకెళ్లానో కూడా చెప్తాను, బ్యాగు అక్కడ పెట్టాను, బ్యాటరీ సెల్స్ కోసం వెళ్లాను.

గదిలో పెళ్లికూతురు, వాళ్ల నాయనమ్మ. ముసలామె నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని మనవరాలి చేతికి ఆకుపచ్చ గాజులు ఎక్కిస్తోంది. ఒక గాజు బొటనవేలి ఎముక దగ్గర ఇరుక్కుంది. "చెయ్యి మెత్తగ పెట్టు బిడ్డా, బిగవట్టకు" అంటూ ఆ అమ్మాయి నాలుగు వేళ్లనీ కలిపి తన గుప్పిట్లో నొక్కి పట్టుకుంది. అలవాటు ప్రకారం ఫ్లాష్‌తో ఒకటి కొట్టాను. వెనక్కి తిప్పి చూసుకుంటే గదిలో ఉన్నవన్నీ వచ్చాయి: ట్రంకు పెట్టెలు, బియ్యం బస్తా, ప్లాస్టిక్ కుర్చీల మీద ఎవరివో ప్యాంట్లు, గోడకి పాత క్యాలెండర్. గాజులు మాత్రం ఎక్కడో ఉన్నాయి, వెతుక్కోవాలి.

కెమెరా దించి మామూలు కళ్లతో చూశాను. వెలుతురు కోసం పైకప్పులో ఒకచోట అద్దం పెంకు పెడతారు కదా, దాంట్లోంచి ఎండ సరిగ్గా ఆ రెండు చేతుల మీదే పడుతోంది. ముసలామె ముంజేతి మీద పచ్చబొట్టు, చుక్కలు చుక్కలుగా, రంగు వెలిసి ఆకుపచ్చగా మారింది, పక్కనే ఆకుపచ్చ గాజులు. నా ఫ్లాష్ అందులో ఒక్క చుక్క కూడా మిగల్చలేదు. ఉన్న వెలుతురుని నేనే ఆర్పేశానన్నమాట, ఇంకో వెలుతురు తెచ్చి.

ఫ్లాష్ పీకేశాను. అయినా కెమెరా ఆటో మోడ్‌లో తీస్తే లాభం లేదని ఎందుకో ఆ క్షణంలో తట్టింది. కెమెరాలో మీటర్ ఉంటుంది, అది ఫ్రేమ్ మొత్తం చూసి సగటు లెక్క వేస్తుంది. గదంతా చీకటి కాబట్టి "చాలా చీకటిగా ఉంది" అనుకుని వెలుతురు పెంచుతుంది, పెంచితే ఎండ పడిన చేతులు తెల్లగా కాలిపోతాయి. అందుకే లెక్క మనమే వేసుకునే మాన్యువల్ మోడ్‌లో పెట్టి, మీటర్ చెప్పినదానికన్నా రెండు స్టాప్‌లు తగ్గించాను, అంటే నాలుగో వంతు వెలుతురు. చేతులకే లెక్క, గది ఏమైపోతే అది అయింది. బస్తాలూ ప్యాంట్లూ చీకట్లో కలిసిపోతాయని, చేతులొక్కటే మిగులుతాయని నొక్కకముందే నాకు కనిపించింది. అలా ముందే కనిపించడం అదే మొదటిసారి. ఒక్కటే తీశాను. గాజు ఎముక దాటి లోపలికి జారింది, ఎవరో పిలిచారు, ఇద్దరూ లేచి వెళ్లిపోయారు.

ఆల్బమ్‌లో ఆ ఫొటో చూసి పెళ్లికూతురి నాన్న గట్టిగానే అడిగాడు. "తమ్మీ, పైసలు తీస్కొని గింత నల్లగ కొడితివి, బిడ్డ మొఖమే కనవడ్తలేదు." నా దగ్గర జవాబు లేదు. ముసలామె పక్కనే ఉంది, ఆల్బమ్‌ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "నా మొఖం ఏడవోయింది బిడ్డా?" అంది. తర్వాత పచ్చబొట్టు మీద వేలు పెట్టి, దాన్ని ఏ జాతరలో పొడిపించుకుందో, ఎంత ఏడ్చిందో, వాళ్లమ్మ చేతిలో ఏం పెట్టి ఊరుకోబెట్టిందో అంతా చెప్పడం మొదలుపెట్టింది. కొడుకు ఆ కథ ఎప్పుడూ వినలేదట. ఆ పేజీ దాటడానికి అరగంట పట్టింది, నాకు రావాల్సిన బాకీ ఆ గొడవలో మర్చిపోయారు, నేనూ అడగలేదు, మరుసటి వారం ఇచ్చారు.

చాలా రోజుల తర్వాత, మా లైన్‌లోనే ఉన్న ఒక పెద్దాయన ఈ ఫొటో చూసి ఆన్సెల్ ఆడమ్స్ సంగతి చెప్పారు. అమెరికాలో కొండల ఫొటోలకి పెట్టింది పేరు. 1927 ఏప్రిల్ 10న, 25 ఏళ్ల వయసులో, యోసెమిటీ అనే నేషనల్ పార్క్‌లో హాఫ్ డోమ్ అనే పెద్ద రాతికొండని తీయడానికి బరువైన కెమెరా, ఫొటో పడే గాజు ప్లేట్లు (ఒక్కో ఫొటోకి ఒక్కో ప్లేట్) మోసుకుంటూ మంచులో పైకెక్కాడు. అప్పటికింకా పియానో వాయించడమే జీవితం అనుకుంటున్న మనిషి. కొండ ముందుకి చేరేసరికి రెండే ప్లేట్లు మిగిలాయి. మొదటిది పసుపు ఫిల్టర్‌తో తీశాడు, తీశాక అనిపించింది, కొండని చూస్తే తన లోపల కలిగిన బరువు ఇందులో రాదు, ఆకాశం మామూలు బూడిద రంగులో వచ్చేస్తుందని. చివరి ప్లేట్‌కి ముదురు ఎరుపు ఫిల్టర్ పెట్టాడు. బ్లాక్ అండ్ వైట్‌లో ఎరుపు ఫిల్టర్ నీలాన్ని ఆపేస్తుంది, ఆకాశం దాదాపు నల్లగా వచ్చింది, కొండ మీదికొచ్చినట్టు నిలబడింది. నొక్కకముందే ఫొటోని మనసులో చూడటం తనకి అక్కడే మొదలైందని ఆయన తర్వాత జీవితమంతా చెప్పుకున్నాడు. ఆయనతో నాకు పోలికేంటి, ఆయన కొండెక్కాడు, నేను సెల్స్ కోసం వెళ్లాను. కానీ మొదటిది తీశాక "ఇది కాదు" అనిపించడం ఉంది చూడండి, అది విన్నప్పుడు ఒళ్లు జలదరించింది.

అప్పట్నుంచి షాపులో కొత్తగా చేరిన పిల్లల్ని ముందు రామప్పకి తీసుకెళ్తాను. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు, అయినా పొద్దున్నే వెళ్తే బాగుంటుంది. నల్లరాతి మదనికల (నాట్యం చేసే ఆడవాళ్ల శిల్పాలు) ముందు నిలబెట్టి, ముందు ఫ్లాష్‌తో తీయమంటాను, తర్వాత పక్కనుంచి పడే ఎండలో తీయమంటాను. పక్క ఎండకి నీడలు నల్లగా పడ్డాయి కాబట్టే రాతి మీది గీతలు కనిపిస్తున్నాయని వాళ్లకి నేను చెప్పక్కర్లేదు.

సరే, అసలు విషయానికొస్తాను. ఆ తొమ్మిది ఆల్బమ్‌లూ మళ్లీ ప్రింట్ అవుతున్నాయి, ఈసారి శాంపిల్ షీట్లు తెప్పించుకుని చూసి ఒప్పుకున్నాకే మిగతావి వేయమన్నాను. ఈ నెలాఖరుకి నేనే ఇంటికి తెచ్చి ఇస్తాను. ఇవ్వాల్సిన బాకీలో పది శాతం తగ్గించుకోండి, అది దయ కాదు, లేటు నా తప్పే, ల్యాబ్‌ని ముందే చెక్ చేయాల్సింది. ఆల్బమ్ వద్దు, డబ్బులు వాపస్ కావాలన్నా సరే, ముఖం మాడ్చుకోకుండా ఇస్తాను, కొంచెం మాడుస్తానేమో.

శ్రావణమాసం నుంచి రోజుకి ఒక్క పెళ్లే ఒప్పుకుంటాను. ఇన్నాళ్లూ ఒకే ముహూర్తానికి రెండు మూడు ఒప్పుకుని, వేరే టీమ్‌ని పంపి, "నువ్వొస్తవనుకున్నం అన్నా" అని మీరంటే నవ్వి ఊరుకున్నాను. పద్దెనిమిది వందల ఫొటోలు ఇస్తామనే ప్యాకేజీ కూడా తీసేస్తున్నాను, వాటిలో పదిహేను వందలు ఎవరూ రెండోసారి చూడరు, నేను కూడా. రేటు మాత్రం తగ్గదు, కాస్త పెరుగుతుంది, ఒక్క పెళ్లితో షాపు కిరాయి వెళ్లాలి కదా.

ఇంకొకటి, ఇది చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అడక్కపోయినా పెళ్లికూతుళ్ల మొహాలు తెల్లగా చేసి ఇచ్చేవాణ్ని, ఏళ్ల తరబడి. చామనఛాయ అమ్మాయి మెడ ఒక రంగు, మొహం ఒక రంగు. ఇక చేయను. మొటిమ తీసేయమంటే తీస్తాను, రంగు మార్చను. ఈ మాట చెప్పాక ఈ మధ్యే రెండు బుకింగ్‌లు పోయాయి, అడ్వాన్స్ వెనక్కిచ్చేశాను.

శాంపిల్ షీట్లు షాపులో టేబుల్ మీద పెడతాను, ఆ తొమ్మిది కుటుంబాలవాళ్లు వచ్చి చూసుకోవచ్చు. సాయంత్రం కాకుండా పగలు రండి, ట్యూబ్‌లైట్ కింద ప్రింట్ రంగు సరిగ్గా తెలీదు. పాస్‌పోర్ట్ ఫొటోలు ఎప్పట్లాగే తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో, నీడ పడకుండా, పది నిమిషాల్లో ఇస్తాను. వాటిని నల్లగా తీయను, భయపడకండి.