ముత్యం కథ భాస్కరుడిది కాదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం పిల్లల పేజీలో లీలావతి కథ వేశారు. కూతురి పెళ్లి ముహూర్తానికి భాస్కరాచార్యుడు గడియపాత్ర పెట్టడం, పిల్ల తొంగిచూస్తే నగలోంచి ముత్యం రాలి బెజ్జం మూసుకుపోవడం, ముహూర్తం దాటిపోవడం. కథ బాగుంది. కింద ‘భాస్కరుని గ్రంథం నుంచి’ అన్నారే, అదే పొరపాటు.

‘లీలావతి’ భాస్కరుడు 1150లో సంస్కృతంలో రాసిన లెక్కల పుస్తకం. అందులో ముత్యమూ లేదు, పెళ్లీ లేదు. లెక్క అడుగుతూ ఒకచోట ‘బాలే లీలావతి’ అంటాడు, మరోచోట ‘సఖే’ అని మగవాణ్ణి పిలుస్తాడు. ఆ కథ మొదట కనబడేది 437 ఏళ్ల తర్వాత, అక్బరు ఆస్థానకవి ఫైజీ 1587లో ఆ పుస్తకాన్ని పార్శీ చేసి రాసిన పీఠికలో.

పాత్ర సంగతి మాత్రం నిజం. అడుగున సన్న బెజ్జమున్న రాగిగిన్నెను నీళ్లలో తేలనిస్తారు. నిండి మునిగితే గడియ, అంటే 24 నిమిషాలు; రోజుకు 60 మునకలు. నలుసు అడ్డుపడితే గడియ సాగుతుంది, బెజ్జం అరిగితే కుదించుకుపోతుంది. పాతవాళ్లు పది పలాల రాగి, ఆరంగుళాల ఎత్తు అని కొలతలు పెట్టారు. భాస్కరుడు ఆ గొడవ వదిలేసి, పగలూ రాత్రీ ఎన్నిసార్లు మునిగిందో లెక్కపెట్టి భాగించుకోమన్నాడు. అంతటి లెక్కలమనిషి గిన్నెలో ముత్యం చూసుకోలేదంటే నమ్మబుద్ధి కాదు!

ఫైజీ 1547లో ఆగ్రాలో పుట్టాడు. అక్బరు చరిత్ర రాసిన అబుల్ ఫజల్‌కి అన్న. 1588లో అక్బరు కవిరాజును చేశాడు. శ్రీనాథుడి నైషధంతో మనకు చిరపరిచితమైన నలదమయంతుల కథను 1594లో ‘నల్ దమన్’ పేరుతో, పాత పార్శీ కవి నిజామీ ‘లైలా మజ్నూ’ ఛందస్సులో రాశాడు. ఖురానుకు అరబ్బీలో చుక్క ఉన్న అక్షరం ఒక్కటీ లేకుండా వ్యాఖ్య చేశాడు. 28 అక్షరాల్లో చుక్క లేనివి 13. బ లేదు, న లేదు, ఫ లేదు. ‘లో’ అనడానికి వాళ్ల ‘ఫీ’ కూడా రాయకూడదు! తన పేరూ అక్బరు పేరూ కుదరవు. అల్లా, ముహమ్మద్ కుదురుతాయి. నిరోష్ఠ్య పద్యం, అంటే పెదవులు తగిలే అక్షరాలు లేని పద్యం, కట్టి చూసినవారికి ఆ పాట్లు తెలుస్తాయి.

సర్కారు, జమాబందీ అని రోజూ పార్శీ మాటలే వాడే మన ఊళ్లో ఆ కవి పేరు ఒక్కసారి అచ్చయితే తప్పేముంది? వచ్చేవారం సవరణ వేయండి. పనిలోపనిగా బొమ్మ కూడా: బెజ్జం గిన్నె పక్కకు గీశారు, అడుగున ఉండాలి.

— కొందరు లెక్కల మాస్టార్లు, శ్రీకాకుళం