ఏడు నెలల వేటకు ఏడాది ప్రీమియమా?

సంపాదకులు గారికి నమస్కారాలు.

కాకినాడ జిల్లా ఉప్పాడ తీరంలో మా బావమరిదితో కలిసి ఒక చిన్న ఫైబర్ బోటు నడుపుతున్నాను. డిసెంబరు నుంచి ఏప్రిల్‌లో వేట నిషేధం మొదలయ్యేదాకా, మళ్లీ జూన్ నెలాఖరు నుంచి వినాయక చవితి వరకు వేటకు వెళ్తాను. మిగిలిన నెలల్లో పిఠాపురం చుట్టుపక్కల ఇళ్లకు కరెంటు వైరింగు పని చేస్తాను. మా రేవులో ఇలా రెండు పనుల మీద బతికే కుటుంబాలు తక్కువేమీ కాదు. మాలాంటి వాళ్లు బోటుకు బీమా చేయించుకోవాలని ముందుకు వచ్చినా, మా స్తోమతకు తగిన పాలసీ దొరకడం లేదన్న సంగతిని మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఒక తెల్లవారుజామున వల తీసుకుని తిరిగి వస్తున్నాం. ఒడ్డు ఇంకా వంద గజాలు ఉందనగా వెనక నుంచి వచ్చిన కెరటం బోటును అడ్డం తిప్పేసి, తీరం కోతకు గురికాకుండా వేసిన రాళ్ల గట్టుకు తీసుకెళ్లి కొట్టింది. ముగ్గురం ఈదుకుంటూ బయటపడ్డాం. వెలుతురు వచ్చాక చూస్తే బోటు ముక్కు దగ్గర మూరెడు పొడవున చీలి, ఫైబర్ పోగులు కొబ్బరిపీచులా వేలాడుతున్నాయి. ఇంజిన్‌లోంచి ఉప్పునీరు, ఇసుక కలిసి కారుతున్నాయి. బోటుకు అతుకు వేయించడానికి, ఇంజిన్ బాగు చేయించడానికి, తెగిన వల స్థానంలో కొత్తది కొనడానికి కలిపి లక్షా పది వేల రూపాయలు అయ్యాయి. అందులో సగం వడ్డీకి తెచ్చిన డబ్బే. ఆ వడ్డీని ఇప్పటికీ వైరింగు పని మీద వచ్చే కూలితో కడుతున్నాను.

అంతకుముందు మేము బీమా గురించి పట్టించుకోలేదని కాదు. ఆ ప్రమాదానికి ముందు ఏడాదే పట్నంలోని ఒక బీమా కార్యాలయానికి వెళ్లి అడిగాం. బోటు నీటి మీద ఉండేది ఏడాదిలో ఏడు నెలలే అని ఎంత చెప్పినా, పన్నెండు నెలల ప్రీమియం మొత్తం ఒకేసారి కట్టాలన్నారు. దరఖాస్తులో బోటు నిలిపి ఉంచే జెట్టీ పేరు రాయమన్నారు. మాది ఇసుక ఒడ్డు, వేట నుంచి రాగానే పదిమందిమి పట్టి పైకి లాగుతాం అంటే, రాత్రిపూట కాపలా ఎవరని అడిగారు. అన్నిటికంటే మమ్మల్ని వెనక్కి లాగిన షరతు మరొకటి: బోటు పూర్తిగా పోతేనే పరిహారం వస్తుంది, మరమ్మతుకు రాదు, విడిగా పోయిన వలకు అసలే రాదు. అంటే ఆనాడు ఆ పాలసీ తీసుకుని ఉన్నా, చీలిన ముక్కుకు మాకు ఒక్క రూపాయి వచ్చేది కాదు. చిన్న బోటుకు తరచుగా జరిగే నష్టం ఒడ్డు దగ్గర కెరటాల్లో జరిగేదే. దాన్ని వదిలేసి చేసే బీమాను మాలాంటి వాళ్లు ఎందుకు కొనాలి?

పెద్ద ఓడల బీమాలో, ఓడను రేవులో కట్టేసి ఉంచిన రోజులకు ప్రీమియంలో కొంత వాపసు ఇచ్చే పద్ధతి ఎప్పటి నుంచో ఉంది. మా తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, ఇంజిన్ ఉన్న ఏ బోటూ వేటకు వెళ్లకూడదని ప్రభుత్వమే ఉత్తర్వు ఇస్తుంది. కనీసం ఆ 61 రోజులకైనా ప్రీమియం తగ్గించమని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ చేసే గణనలో పూర్తికాలం వేట చేసేవారిని, కొంతకాలమే చేసేవారిని, అప్పుడప్పుడు వెళ్లేవారిని వేర్వేరుగా లెక్కిస్తారు. ఆ తేడా బీమా దరఖాస్తులో ఎక్కడా కనిపించదు.

ప్రభుత్వ సాయం సంగతికి వస్తే, ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారుడు ప్రమాదంలో మరణిస్తే కుటుంబానికి 5 లక్షల రూపాయలు అందుతాయి, దానికి మేము ప్రీమియం కట్టనక్కరలేదు. ఇది నిజంగా మేలైన పథకం, ఇందుకు కృతజ్ఞులం. చేపలు, రొయ్యల చెరువులకు బీమా చేయించుకునే చిన్న రైతుకు ప్రీమియంలో 40 శాతం ప్రోత్సాహకంగా ఇచ్చే ఏర్పాటును 2024లో కేంద్రం ఆమోదించింది. మత్స్య సంపద యోజనలో వేట పడవల బీమాకు సాయం అన్న అంశం కూడా ఉంది. అయితే మా రేవులో ఆ సాయంతో బీమా చేయించుకున్న చిన్న బోటు యజమాని ఒక్కరు కూడా ఇంతవరకు నాకు తారసపడలేదు.

2023 నవంబరులో విశాఖపట్నం ఫిషింగ్ హార్బరులో పదుల సంఖ్యలో బోట్లు తగలబడిపోయినప్పుడు, బోటు విలువలో 80 శాతం పరిహారంగా ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ కుటుంబాలకు అది అందాల్సిందే. అయితే అన్ని బోట్లు ఒకే రాత్రి పోవడం వల్ల అది రాష్ట్రమంతటికీ తెలిసింది. ఎక్కడో ఒక ఒడ్డున ఒక్కడి బోటు రాళ్లకు కొట్టుకుని పగిలితే, ఆ సంగతి ఆ ఊరు కూడా దాటదు.

కాబట్టి మత్స్యశాఖ, ప్రభుత్వరంగ బీమా సంస్థలు కూర్చుని మాట్లాడుకుని, ఒక్కొక్క రేవులోని చిన్న బోట్లన్నిటికీ మత్స్యకార సహకార సంఘం పేరు మీద ఒకే ఉమ్మడి పాలసీ ఇచ్చే మార్గం చూడాలని కోరుతున్నాను. అందులో వేట చేసే నెలలను బట్టి ప్రీమియం ఉండాలి, ఒడ్డు దగ్గర జరిగే నష్టానికి పరిమితంగానైనా పరిహారం ఉండాలి. వాయిదాల్లో కట్టే వీలుంటే మాలో చాలామంది చేరతారు. విడివిడిగా ఒక్కో బోటును చూడడానికి మనిషిని పంపడం ఖర్చుతో కూడిన పని అని ఆ కార్యాలయంలో మాకు చెప్పారు, ఆ మాటలో నిజం లేకపోలేదు. అయితే నిషేధ కాలపు భృతి కోసం ఏటా ఏప్రిల్‌లో మత్స్యశాఖ సిబ్బంది ప్రతి రేవుకూ వచ్చి, ఒడ్డున ఉన్న బోట్లను, వాటి రిజిస్ట్రేషన్ నంబర్లను, అందులో వేటకు వెళ్లే మనుషులను స్వయంగా చూసి రాసుకుని వెళ్తారు. అదే రోజున బీమా సర్వేయరు కూడా వారి వెంట వస్తే, మా రేవులోని బోట్లన్నీ ఒకేచోట, ఒక్క పూటలో చూసుకోవచ్చు.

ఇట్లు,
ఒక మత్స్యకారుడు,
ఉప్పాడ, కాకినాడ జిల్లా.