ఎదుటివారు సంతకం పెట్టకపోయినా విడాకుల పిటిషన్ ఆగదు

సంపాదకుల వారికి నమస్కారాలు.

భార్యగానీ భర్తగానీ సంతకం పెట్టకపోతే విడాకులు రావని, ఎదుటి మనిషి ఒప్పుకునేదాకా కోర్టుకు పోయి లాభం లేదని మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో పెద్దమనుషులు ఇప్పటికీ చెబుతున్నారు. ఆ మాట నమ్మి ఏళ్ళ తరబడి తల్లిగారింట్లో ఎటూ తేలకుండా ఉండిపోయిన ఆడపిల్లలు మా చుట్టుపక్కల ఊళ్ళలో ఉన్నారు. సంతకం కావలసింది పరస్పర అంగీకారంతో తీసుకునే విడాకులకు మాత్రమే. హిందూ వివాహ చట్టం 13బి సెక్షన్ కింద ఇద్దరూ కలిసి పిటిషన్ వేయాలి. డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు, వచ్చేలోపు ఒకరు సమ్మతి వెనక్కి తీసుకుంటే అది అక్కడే ఆగిపోతుంది. అదే చట్టం 13వ సెక్షన్ కింద మాత్రం ఒక్కరే పిటిషన్ వేయవచ్చు. క్రూరంగా హింసించారనో, కనీసం రెండేళ్ళుగా అకారణంగా విడిచిపెట్టి పోయారనో రుజువు చేయగలిగితే ఎదుటివారి ఒప్పుదలతో పని లేదు.

ముంబయికో పుణెకో పనికి పోయి, ఫోన్ నంబరు మార్చుకొని మళ్ళీ ఊరి ముఖం చూడని భర్తల కథలు పాలమూరుకు కొత్త కావు. అతడు ఉన్నచోటే కేసు వేయాలేమోనన్న భయంతో చాలామంది అక్కడే ఆగిపోతారు. 2003లో వచ్చిన సవరణ ప్రకారం పిటిషన్ వేసేది భార్య అయితే తాను నివసిస్తున్న ప్రాంతపు కోర్టులోనే వేసుకోవచ్చు. నారాయణపేట దగ్గరి పల్లెలో ఉంటున్న మహిళ ఇందుకోసం మహారాష్ట్రకు పోనక్కరలేదు.

పిటిషన్ సొంతంగా వేసుకోవడానికీ అడ్డు లేదు. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టమైతే వకీలును పెట్టుకోవడం కక్షిదారుకు హక్కు కాదని చెబుతూ, స్వయంగా వచ్చి చెప్పుకునే మనిషినే దృష్టిలో పెట్టుకుంది. పెండ్లి ఎప్పుడు, ఎక్కడ జరిగింది, చివరిసారి ఎక్కడ కలిసి కాపురం చేశారు, పిల్లలెందరు, ఏ సంఘటన ఏ తేదీన జరిగింది, ఇంతకుముందు ఏమైనా కేసులున్నాయా అన్నవి వరుసగా రాసి, పెండ్లి పత్రిక, ఫొటోలు, ఆధార్ నకలు, ఉంటే వివాహ ధ్రువపత్రం జతచేయాలి. లోపాలున్నాయని కోర్టు ఆఫీసు వారు కాగితాలు తిప్పి ఇస్తే కేసు కొట్టేశారని హడలిపోకుండా, చెప్పిన లోపాలు సరిచేసి గడువులోగా మళ్ళీ దాఖలు చేయాలి.

అసలు కష్టం సమన్ల దగ్గర, అంటే ఎదుటివారిని హాజరు కమ్మని కోర్టు పంపే నోటీసు దగ్గర, మొదలవుతుంది. సహకరించని మనిషి ముందుగా చేసేది నోటీసు చేతికి అందకుండా తప్పించుకోవడమే. దీనికి సివిల్ కేసులు నడిపే పద్ధతి చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ‘ఐదో ఆర్డర్’ అనే భాగంలో స్పష్టమైన దారులున్నాయి. పోస్టులో వచ్చిన సమన్లు తీసుకోవడానికి నిరాకరించారని పోస్టుమ్యాన్ కవరు మీద రాసి తిప్పి పంపితే, కోర్టు వాటిని అందినట్టుగానే ప్రకటిస్తుంది. మనిషి దొరక్కుండా తిరుగుతుంటే కోర్టు ఉద్యోగి ఇంటి తలుపుకు నోటీసు అంటించి, ఎవరి సమక్షంలో అంటించాడో రాసి కోర్టుకు నివేదిస్తాడు. కావాలనే తప్పించుకుంటున్నాడని, మామూలు పద్ధతిలో సమన్లు అందించడం సాధ్యం కాదని ప్రమాణపత్రంతో తృప్తి పరిస్తే, అతడు చివరగా నివసించిన ప్రాంతంలో చదివే పత్రికలో ప్రకటన వేయడానికి కోర్టు అనుమతిస్తుంది. మా దగ్గరి బంధువుల అమ్మాయి కేసులో చిరునామాలో ఇంటి నంబరు లేదన్న ఒక్క కారణంతో కవరు తిరిగి వచ్చి వాయిదాలు గడిచిపోయాయి. అందుకే పూర్తి చిరునామా, పని చేసే చోటు, తల్లిదండ్రులు ఉండే ఇల్లు మొదటే సంపాదించుకోవాలి. పోస్టు రసీదులు, తిరిగొచ్చిన కవర్ల నకళ్ళు ఒక్కటి కూడా పారేయకూడదు.

నోటీసు అందినా రాకపోతే కోర్టు అతడిని ఎక్స్‌పార్టీగా, అంటే హాజరుకాని పక్షంగా, ప్రకటించి అతడు లేకుండానే విచారణ సాగిస్తుంది. అంతటితో విడాకులు వచ్చినట్టు కాదు. సాక్ష్యం ప్రమాణపత్రంగా ఇవ్వాలి, కాగితాలను సాక్ష్యంగా కోర్టులో మార్కు చేయించాలి, జరిగినది తెలిసిన వారిని సాక్షులుగా తేవాలి. త్వరగా తేలుతుందని ఎవరో సలహా ఇస్తే తప్పుడు చిరునామా రాసేవారు కూడా ఉన్నారు. ఇది ఎంతమాత్రం తగదు. సమన్లు సరిగా అందలేదని తేలితే, డిక్రీ సంగతి తెలిసిన 30 రోజుల్లో ఎదుటి పక్షం దాన్ని రద్దు చేయమని అడగవచ్చు. అప్పటికే మళ్ళీ పెండ్లి చేసుకొని ఉంటే ఆ సంసారమూ చిక్కుల్లో పడుతుంది. కేసు నడుస్తుండగా భరణం కోసం హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ కింద వేరే దరఖాస్తు వేసుకోవచ్చని, డిక్రీ నకలు ఒకటి ఇరు పక్షాలకూ ఉచితంగా ఇవ్వాలని ఆ చట్టంలోనే ఉందని ఎందరికి తెలుసు?

పంచాయితీలో స్టాంపు కాగితం మీద రాసుకున్న తెగదెంపులు మాత్రం, అటువంటి కులాచారం ఉందని కోర్టులో రుజువైతే తప్ప, విడాకులు కావు. దేవరకొండ, అచ్చంపేట ప్రాంతాల తండాల వారు ఇంకొక సంగతి గమనించాలి. హిందూ వివాహ చట్టం షెడ్యూల్డ్ తెగలకు నేరుగా వర్తించదు కాబట్టి, వారు ముందుగా న్యాయ సలహా తీసుకున్నాకే పిటిషన్ రాసుకోవాలి.

హింస, పిల్లల కస్టడీ, ఆస్తి తగాదా ఉన్న కేసును ఒంటరిగా నెత్తిన వేసుకోమని నేను చెప్పను. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రభుత్వ ఖర్చుతోనే వకీలు దొరుకుతారు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు.

2023లో మన హైకోర్టే తెలుగులో తీర్పు ఇచ్చింది. అటువంటప్పుడు విడాకుల పిటిషన్‌కు, సమన్ల ప్రమాణపత్రానికి, పత్రికా ప్రకటన దరఖాస్తుకు తెలుగు నమూనాలు నల్లగొండ, మహబూబ్‌నగర్ కోర్టు ప్రాంగణాల్లో అడిగిన వారికల్లా ఎందుకు దొరకకూడదు? న్యాయ సేవాధికార సంస్థలు వాటిని అచ్చువేసి మండల స్థాయి దాకా పంపాలని, వాటిని నింపడంలో సాయపడే మనిషిని వారంలో ఒక రోజైనా కూర్చోబెట్టాలని, మీ పత్రిక జిల్లా పేజీలో ఆ నమూనాలను ప్రచురించాలని మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా